ఇసుకలో కుడి మడమ

మా అల్లుడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా మా అమ్మాయి వాల్డాతో కాపురం చేస్తున్నాడు. ముగ్గురు పిల్లలు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక నీళ్ళ ట్యాంకు, నాలుగు పాడుబడ్డ కార్లు, అంతే దూరం. అయినా అతని ముక్కు పొడుగో చప్పిడో అడిగితే నేను చెప్పలేను. చెప్పకూడదు కూడా.

మా ఎడారి ఆదివాసుల పద్ధతిలో అత్త అల్లుణ్ణి చూడదు. అల్లుడు అత్తను చూడడు. మాట్లాడుకోరు, ఒక గదిలో కూర్చోరు, ఒక బండి ఎక్కరు. అతను కొట్లోకి ముందు తలుపున వస్తే నేను చేతిలో పిండి సంచి అక్కడే పెట్టి వెనక తలుపున పోతాను. ఇది తగువు కాదు. ఒకరి మీద ఒకరికి ఉండే గౌరవం. అందుకే అతని పేరు నోటితో అనను, ఇక్కడా రాయను. జుంగరాయి అంటాను. అది పుట్టుకతో వచ్చిన వరస పేరు. తొమ్మిదో బోరు అనే మా ఊళ్ళో జుంగరాయిలు ఇరవై మంది ఉన్నారు కాబట్టి ఫరవాలేదు. నా వరస నపంగార్డి.

ముఖం తెలియకపోయినా అడుగులు తెలుసు. ఎర్ర ఇసుక మీద పుట్టి పెరిగినదాన్ని. అతని ఎడమ పాదం బయటికి తిరిగి ఉంటుంది, కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకున్నాడట. తొందరలో ఉంటే బూటు ముందుభాగం లోతుగా దిగుతుంది. వాల్డాతో గొడవపడి బయటికొస్తే గుమ్మం దగ్గర రెండుసార్లు గుండ్రంగా తిరిగి అప్పుడు కొట్టువైపు పోతాడు. ఇవన్నీ పొద్దున్నే టీ తాగుతూ నేల మీద చూసుకుంటాను. బళ్ళో నేను మూడో తరగతి దాటలేదు. కానీ ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు ఊళ్ళో లేరనే అనుకునేదాన్ని.

జుంగరాయి మొదట గ్రేడర్ బండి తోలేవాడు, మట్టిరోడ్డు చదును చేసేది. మంచి పని. వానలు పడ్డాక ఆలిస్ పట్నం దాకా నాలుగు గంటల దారిని అతనే బాగుచేసేవాడు. అలాంటివాడు నలభై ఏళ్ళు దాటాక ఆ బండి దిగి, ఆరోగ్య కార్యకర్త చదువు చదువుతానన్నాడు. కారణం వాళ్ళ అక్క. ఆమె కాలి వేలికి పుండు పడింది. ఎవరికీ చూపించలేదు. వేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత మూత్రపిండాలు. ఆలిస్‌లో నెత్తురు కడిగే యంత్రం పక్కన మూడేళ్ళు పడుకుని, సొంత నేల చూడకుండానే పోయింది. తెల్ల నర్సులు ఆరు నెలలకొకరు మారిపోతుంటే పుండు ఎవరికి చూపిస్తారు, మనవాడొకడు క్లినిక్‌లో ఉండాలి, అన్నాడట. వాల్డా వచ్చి చెప్పింది.

నేను మా కుక్కతో అన్నాను. కుక్క పేరు బిస్కెట్. అల్లుడి చెవిన పడాల్సిన మాట ఏదున్నా నేను బిస్కెట్‌తోనే అంటాను, అవతల గోడ పక్కన ఎవరైనా ఉంటే వింటారు.

"బిస్కెట్టూ, నలభై దాటాక పలక పట్టేవాళ్ళుంటారా? సరే పట్టనీ. మధ్యలో వదిలేసి వస్తే మాత్రం మా అమ్మాయి పరువు పోతుంది."

మధ్యలో వదిలేసి వచ్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తప్పు అతనిది కాదు, అదే నా మంట. మొదటిసారి పట్నం వెళ్ళిన నాలుగో రోజున పెదనాన్న పోయాడు. చావింటికి రాకపోతే మనిషే కాదు కదా, వచ్చాడు, ఏడ్చాడు, పద్ధతి ప్రకారం అందరితో పాటు రెండు వారాలు కూర్చున్నాడు. తిరిగి వెళితే హాజరు చాలలేదన్నారు. రెండోసారి కాన్పుల పాఠం పెట్టారు. అది ఆడవాళ్ళ సంగతి, మగవాడు వినకూడదు. అతను మర్యాదగా లేచి బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఆసక్తి లేదని రాసుకున్నారు. ఎందుకు లేచావని నోరు తెరిచి ఒక్కళ్ళు అడగలేదు. అడిగినా అతను చెప్పి ఉండడు, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళు అడగరు, ఇతను చెప్పడు, నలభై పేజీల పుస్తకాలు మాత్రం ఇటూ అటూ తిరుగుతాయి.

మూడోసారి చేర్చుకుంటూ ఇదే ఆఖరిసారి అన్నారు. ఈసారి తప్పితే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. గ్రేడర్ పని అప్పటికే వేరేవాడికి పోయింది.

ఆ ఏడాది ఊరంతటికీ తల ప్రాణం తోకకి వచ్చింది. కనబడ్డవాళ్ళ జబ్బకల్లా బీపీ పట్టీ చుట్టాడు. బిస్కెట్‌కి కూడా చుట్టాడని మనవరాలు చెప్పింది. నాకు చుట్టడానికి వీల్లేదు కాబట్టి యంత్రాన్ని వాల్డాతో పంపేవాడు. ఆమె చుట్టేది, అంకె చదివేది, పోయి అతనికి చెప్పి తిరిగొచ్చేది.

"అమ్మా, ఉప్పు తగ్గించమంటున్నాడు."

"బిస్కెట్టూ, డెబ్బై ఒక్క ఏళ్ళు ఉప్పు తిన్నదాన్ని, ఇప్పుడు మానేస్తే రొట్టె గొంతు దిగుతుందా?"

"కుక్కతో కాదు, నాతో చెప్పమ్మా. ఇటూ అటూ తిరగలేక చస్తున్నాను."

ఒకరోజు విరిగిన బోరు గొట్టం ముక్క పంపాడు. మా బోరు నీళ్ళకు గొట్టం లోపల తెల్లగా పెచ్చు కట్టి వేలు కూడా దూరదు. షుగరు ఎక్కువైతే ఒంట్లో సన్న గొట్టాలకు ఇలాగే అవుతుందని, పాదానికి మంచి నెత్తురు అందదని, స్పర్శ పోతుందని చెప్పమన్నాడట. ముప్పై ఏళ్ళుగా నర్సులు రంగు బొమ్మలు చూపించి చెప్పినది నాకు ఆ గొట్టం ముక్కతో ఎక్కింది. ఎక్కిందని ఒప్పుకోలేదనుకోండి.

ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. అప్పటికే నా కుడి మడమకి పుండు ఉంది. కంగారూ తోక కాలుస్తూ మండే బొగ్గు తొక్కాను. తొక్కినట్టే తెలియలేదు. సాయంత్రం మేజోడు విప్పితే తోలు దానితో ఊడింది. వారం పదిరోజులకి లోపల పోటు మొదలైంది. క్లినిక్‌కి పోదామంటే అక్కడ రోజంతా తిరిగేది అతనే. తలుపు తీసేది అతను, పేరు రాసుకునేది అతను. కొత్త నర్సు మార్గో వచ్చి రెండు నెలలే అయింది, ఆమెకి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. నేను కాలికి గుడ్డ చుట్టుకుని ఊరుకున్నాను. వాల్డాకి కూడా చెప్పలేదు. చెబితే అతనికి చేరుతుంది. ఇసుకలో జాడ పడితే ఎవరైనా పసిగడతారని కొట్టుకి కంకర బాట మీదుగా చుట్టూ తిరిగి పోయేదాన్ని.

పరీక్ష మంగళవారం. పట్నం నుంచి జోసెలిన్ అనే పరీక్షకురాలు వస్తుంది, జుంగరాయి ఆమె కళ్ళెదుట షుగరు రోగి పాదం పరీక్షించి పుండుకి కట్టు కట్టాలి. ఇదొక్కటే మిగిలింది. పాదం ముసలి పెర్సీది, నెల ముందే మాట్లాడిపెట్టుకున్నారు. సోమవారం పెర్సీ బావమరిది పోయాడు. పెర్సీ పాదాన్ని తీసుకుని నూరు మైళ్ళ అవతల చావింటికి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున క్లినిక్ బండి మా ఇంటి ముందు ఆగింది. మార్గో దిగింది.

"నపంగార్డి గారూ, మీ కాలికి దెబ్బ ఉందట కదా. రండి, పది నిమిషాల్లో కట్టు వేయించుకుని వచ్చేద్దురు గాని."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీ ఫైల్లో రాసి ఉందండీ."

ఫైలు ఎలా చూసిందా నా కాలు, అనుకున్నాను. కానీ ఆ వేళ పోటు తట్టుకోలేకుండా ఉంది. పరీక్ష రోజు కాబట్టి అల్లుడు పెర్సీతో పెద్ద గదిలో ఉంటాడు, నన్ను చిన్న గదిలో చూస్తారనుకున్నాను. పెర్సీ వెళ్ళిపోయిన సంగతి నాకు తెలియదు. వెళ్ళాను.

మంచం మీద కూర్చోబెట్టారు. కాలు బల్ల మీద పెట్టారు. చుట్టూ నీలం తెర. ఆ తెర కింద ఒక జత బూట్లు వచ్చి ఆగాయి. ఎడమది బయటికి తిరిగి ఉంది.

నేను పావడా అంచు ఎత్తి ముఖం మీద కప్పుకున్నాను. అతనికి నా పాదం కనబడి ఉండాలి, బూట్లు ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. బయటి తలుపు చప్పుడైంది.

"ఏమైంది? ఎందుకు వెళ్ళిపోయాడు?" అంది జోసెలిన్.

మార్గో ఫైలు తిరగేసిన చప్పుడైంది. "అయ్యో. ఈవిడ వాల్డా వాళ్ళమ్మ. నాకు తట్టలేదు."

"మీ పద్ధతిని నేను గౌరవిస్తానండీ," అంది జోసెలిన్ నాతో. "ముఖం అలాగే కప్పుకుని ఉండండి. అతను పాదం ఒక్కటే చూస్తాడు."

"అమ్మాయ్, ఆ పాదం కూడా నాదే కదా."

"ఇది ఒక్కసారికి..."

"నీ బట్టలు విప్పి కొట్టు ముందు ఒక్కసారికి నిలబడమంటే నిలబడతావా?"

 జోసెలిన్ నెమ్మదిగా అంది. "నాకు వేరే దారి లేదండీ. రోగిని వదిలి వెళ్ళిపోయాడని రాయాలి. అలా రాస్తే చదువు పోతుంది."

ఒళ్ళు మండిపోయింది. ఏడాది పొడుగునా ఊరి జబ్బలన్నీ పట్టుకు తిరిగినవాడు, మర్యాద పాటించినందుకు మూడోసారి కూడా తప్పాలా. అదీ నా మడమ వల్ల.

"ఎక్కడికీ వెళ్ళిపోలేదు," అన్నాను పావడాలోంచి. "కిటికీ కింద నిలబడి ఉంటాడు. ఆ ఏసీ ఆపండి. కొట్లోంచి మా అమ్మాయిని పిలవండి. పరీక్ష పెట్టే అమ్మాయ్, నువ్వు పోయి అతని పక్కన నిలబడి చూడు, అతనికి ఏం తెలుసో ఏం తెలియదో."

వాల్డా గొణుక్కుంటూ వచ్చింది. "గల్లాపెట్టె వదిలేసి వచ్చాను, ఏంటమ్మా ఇది?" నా మడమ చూసి నోరు మూసుకుంది. తర్వాత తెరిచింది. "ఎన్నాళ్ళయిందే అమ్మా? నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తావ్, ఊరంతా చాటుతావ్. కిటికీ దగ్గరికి పో."

అతను గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు, నాకు వినబడకూడదు కాబట్టి. నాకు చేరింది వాల్డా మాటలే.

"చేతులు కడుక్కోమంటున్నాడు. కడిగానయ్యా. మళ్ళీ కడగాలట, మోచేతుల దాకా." ఆమె కడిగింది. "చుట్టూ చర్మం మీద చెయ్యి వెనకవైపు ఆనించి వేడిగా ఉందేమో చూడమంటున్నాడు. వేడిగా ఉంది. ఎర్రగా ఉందా? ఉంది. ఎంతదూరం? రెండు వేళ్ళంత. వాసన? అమ్మా, వాసన ఉందే."

"నీ చిన్నప్పుడు నీ వాసన నేను భరించలేదా? చెప్పు, ఉందని చెప్పు."

నూలుపోగంత ప్లాస్టిక్ దారంతో నా పాదం మీద పదిచోట్ల పొడిపించాడు. తగిలితే చెప్పమన్నారు. నాలుగుచోట్లే తగిలింది. మిగతా ఆరుచోట్లా తగిలిందని అబద్ధం చెప్పబోయాను, కానీ ఎప్పుడు పొడుస్తోందో తెలియక మాట కుదరలేదు.

అప్పుడు వాల్డా కిటికీలోంచి తల వెనక్కి తిప్పి నావైపు చూసింది.

"అమ్మా, బొగ్గు తొక్కావా?"

నేను ఉలిక్కిపడ్డాను.

"పంతొమ్మిది రోజులైందంటున్నాడు. తోక కాల్చిన మర్నాటి నుంచి నీ కుడి మడమ ఇసుకలో సరిగ్గా దిగడం లేదట. పదోరోజు నుంచి వేళ్ళ మీద నడుస్తున్నావట. తర్వాత అసలు ఇసుకే వదిలేసి కంకర మీద తిరుగుతున్నావట. షుగరున్న ముసలావిడ మెత్తటి ఇసుక వదిలి కంకర మీదకి పోయిందంటే దాచడానికేనని అప్పుడే ఫైల్లో రాసి, నర్సును వెళ్ళి చూడమన్నాడట."

"రాశాడు, నిజమే," అంది మార్గో. "నేను ఈ వారం వెళ్దామనుకున్నాను."

పావడా కింద నా ముఖం ఎలా మారిందో ఎవరికీ కనబడలేదు, అదొక్కటే నయం. నేను అతని జాడలు చదువుతున్న ఇరవై రెండేళ్ళూ అతను నావి చదువుతున్నాడు. పైగా నాకన్నా బాగా.

"బిస్కెట్టూ," అన్నాను, కుక్క అక్కడ లేకపోయినా. "పనిలేనివాళ్ళకి ముసలివాళ్ళ మడమలే దొరుకుతాయి."

వాల్డా కిసుక్కున నవ్వింది. బయట కూడా ఎవరో దగ్గినట్టు వినబడింది.

అతను చెబుతుంటే వాల్డా పుండు కడిగింది, చచ్చిన తోలు జోలికి పోకుండా వదిలింది, మందు గుడ్డ పెట్టింది, మడమ నేలకి ఆనకుండా మెత్త కట్టింది. పెర్సీ బావమరిది చావుకి పోయాడని, అందుకే నన్ను తెచ్చారని కడుతూనే చెప్పింది. అదే వేళ మార్గో ఆలిస్‌లో డాక్టరుకి ఫోన్ చేసి మాత్రలు మొదలుపెట్టింది. అంతా అయ్యాక జోసెలిన్ లోపలికి వచ్చింది. కాగితం చప్పుడు.

"అన్నీ సరిగ్గా చెప్పాడు. నేను చూసిన విద్యార్థుల్లో ఇంత ముందుగా పుండు కనిపెట్టినవాడు లేడు. కానీ ఒక గడి మిగిలింది. 'విద్యార్థి స్వయంగా కట్టు కట్టెను.' కట్టింది వాల్డా."

"ఆ గడి కూడా నింపేయండి," అంది మార్గో. "ఎవరు చూడొస్తారు?"

వాల్డా కిటికీ దగ్గర విని, విసుగ్గా తిరిగింది. "వద్దంటున్నాడు. కట్టనిది కట్టినట్టు రాయొద్దంటున్నాడు."

నాకు అతన్ని ఆ గోడకేసి కొట్టాలనిపించింది. ఇలాంటి మనిషికి పిల్లనిచ్చానే అనిపించింది. ఆ వెంటనే, ఇలాంటి మనిషికే కదా ఇచ్చాను, అని కూడా అనిపించింది.

"అమ్మాయ్ జోసెలిన్," అన్నాను. "పెర్సీ పాదం రేపు పొద్దున వస్తుంది. ఇవాళ్టితో అక్కడ మట్టి చేయడం అయిపోతుంది, బావమరిది చావుకి రెండు వారాలు కూర్చోనక్కరలేదు. వాడి చెల్లెలికి ఫోన్ చేసి తెల్లారేసరికి వాణ్ణి బయల్దేరదీయమని నేను చెబుతాను. నువ్వు ఈ రాత్రి ఇక్కడ పడుకో."

"రేపు నాకు ఇంకో ఊళ్ళో పని ఉందండీ. మూడు వారాల ముందే రాసుకున్నది."

"ఈ మూడేళ్ళలో అతను మీ పట్నానికి తొమ్మిదిసార్లు వచ్చాడు. నాలుగు గంటలు రానూ, నాలుగు గంటలు పోనూ. మీరు చూపించిన గదిలో పరుపు లేదు. మీరు పెట్టిన తిండి తిన్నాడు, మీ భాషలో మీ పుస్తకం చదివాడు. మా చావులు మీకు సెలవుల్లో లెక్క కావన్నారు. మా సిగ్గు మీకు ఆసక్తి లేకపోవడం అయింది. ఇవాళ ఒక్క గడి కోసం, నువ్వు ఒక్క రాత్రి మా ఊళ్ళో పడుకోలేవా? పరుపు కూడా ఉంది, అతిథుల గదిలో."

 జోసెలిన్ ఫోన్ పట్టుకుని బయటికి పోయింది. తిరిగొచ్చి, "గదిలో ఫ్యాన్ పనిచేస్తుందా?" అని అడిగింది.

"పనిచేయదు," అంది మార్గో.

"సరేలెండి," అంది ఆమె.

మర్నాడు పెర్సీ తొమ్మిదింటికి దిగాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. అయినా క్లినిక్ గుమ్మంలో, "ఈ పాదం కోసం పట్నం మనుషులు నిద్ర మానుకున్నారట, కొంచెం మెల్లగా పట్టుకో," అని జుంగరాయితో అన్నాడట. జుంగరాయి సొంత చేతులతో కట్టు కట్టాడు. ఆ గడి నిండింది. నేను ఇంటి దగ్గరే ఉండి, వాల్డా ట్యాంకు దాటి పరుగెత్తుకు రావడం చూశాను. అడుగులు చూడనక్కరలేకుండానే తెలిసిపోయింది.

అంతటితో నా బాధ తీరిందనుకుంటే పొరపాటు. పట్టా వచ్చాక మార్గో ఉత్సాహంతో క్లినిక్ గుమ్మంలో అతని ఫోటో పెట్టింది, ముఖమంతా కనబడేలా, చెయ్యంత పెద్దది. నేను వారానికి రెండుసార్లు కట్టు మార్పించుకోవాలి. ఆ రోజుల్లో అతను ఊరి అవతలి ఇళ్ళకి తిరగడానికి పోతాడు, వాల్డా వచ్చి చేస్తుంది. కానీ ఫోటో ఎక్కడికీ పోదు కదా. మొదటిరోజు కళ్ళు మూసుకుని గోడ తడుముకుంటూ పోయి చెత్తబుట్టని తన్నాను. ఉన్న మడమ చాలదన్నట్టు.

రెండోసారి వెళ్ళేసరికి ఆ ఫోటో మీద గిన్నెలు తుడిచే గుడ్డ వేలాడుతోంది. ఎవరు వేశారని నేను అడగలేదు. గుమ్మం ముందు ఇసుకలో బూటు జాడ ఉంది, ఎడమది బయటికి తిరిగి.

పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మెత్త తీసేసిన రోజున వాల్డా కంకర బాటవైపు నా చెయ్యి పట్టుకుంది, అలవాటుగా. నేను విడిపించుకున్నాను.

"ఎటు పోతున్నావమ్మా? అటంతా ఇసుక."

"నాకు కళ్ళున్నాయి."

వాళ్ళ ఇంటి ముందునుంచి, అతను సాయంత్రం వచ్చే దారి పొడుగునా, నెమ్మదిగా నడిచాను. ప్రతి అడుక్కీ కుడి మడమ దిగేదాకా గట్టిగా నొక్కాను.